కొనవలసినదేది, చేసుకోవలసినదేది?



“దోసెల పిండి ప్యాకెట్టు కొనుక్కోవటం తప్పా ఫాదర్?” అని ఒక ఆదివారం పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర, నలుగురిలో, ఒక సోదరి అడిగింది. అడిగింది నవ్వుతూనే. ప్రక్కనే వున్న ఆమె అత్తగారు మాత్రం నవ్వలేదు. “మా రోజుల్లో రుబ్బురోలు దగ్గర కూర్చోనిదే పొద్దు గడిచేది కాదు. ఇప్పుడన్నీ ప్యాకెట్లే” అన్నది ఆ పెద్దామె. కోడలు సారపాకలో ఒక దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున ఎనిమిది గంటలకు బయలుదేరితే తిరిగి బూర్గంపాడు చేరేసరికి దీపాలు పెట్టేవేళ దాటిపోతుంది. ఇద్దరూ మంచివారే. ఇద్దరూ గుడికి తప్పకుండా వచ్చేవారే. అయినా ఆ ఇంట్లో ఒక పిండి ప్యాకెట్టు ఇద్దరి మధ్య గోడలాగ నిలబడి వున్నది.

ఇది చాలా చిన్న ప్రశ్న అని మీరనుకోవచ్చు. నీతిశాస్త్ర గ్రంథాల్లో ఇడ్లీపిండికి అధ్యాయం లేదు. కాని పెద్ద పాపాల గురించి మనం ఏడాదికి ఎన్నిసార్లు నిర్ణయం తీసుకుంటాం? ఏది కొనాలి, ఏది ఇంట్లో చేసుకోవాలి అన్న నిర్ణయం మాత్రం ప్రతి ఇంటా ప్రతిరోజూ జరుగుతూనే వుంటుంది. పదహారవ బెనెడిక్టు జగద్గురువులు 2009లో వెలువరించిన విశ్వలేఖలో, కొనుగోలు అనేది ఎన్నడూ కేవలం డబ్బు వ్యవహారం కాదు, అది నైతికమైన చర్య కూడా అని బోధించారు. కనుక ఆ సోదరి ప్రశ్నను నవ్వి వదిలేయకుండా కొంచెం ఆలోచిద్దాం.

ముందుగా ఒక మాట. వంటగది సంగతి ఒక గురువు రాయటమేమిటని కొందరు ముసిముసిగా నవ్వుకుంటారని తెలుసు. న్యాయమే. గురుగృహంలో నాకు అన్నం వండిపెట్టేది మరొకరు. అందుచేతనే ఈ విషయాన్ని నేను రుచివైపు నుంచి గాక చేతులవైపు నుంచి చూడదలచాను.

ఏ ఇల్లూ తనకు కావలసినదంతా తానే చేసుకోలేదు. ఎన్నడూ చేసుకోలేదు కూడా. మన అడవి పల్లెల్లోని కోయ కుటుంబాలను చూడండి. జొన్న, చింతపండు, ఇప్పపువ్వు, తేనె, దుంపలు అన్నీ పోడు నుంచీ అడవి నుంచీ తెచ్చుకున్నవారే. అయినా ఉప్పు కోసం సంతకు రాక తప్పలేదు. తట్టెడు చింతపండు దించి దోసెడు ఉప్పు పట్టుకుపోయే ఆ మారకంలో ఎంత మోసం జరిగేదో మన పెద్దలకు తెలుసు. అటువంటి దళారుల బారినుంచి గిరిజనులను కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అంటే కొనటం, అమ్మటం అన్నది మన ప్రాంతంలో ఏనాడో న్యాయానికి సంబంధించిన ప్రశ్న అయింది.

ఉప్పు గురించే మరికొంచెం చెప్పనివ్వండి. 1930లో ఈ దేశంలో ఉప్పు చేసుకోవటం నేరం. చేసుకొని జైలుకు వెళ్లటమే ఆనాడు ధర్మమయింది. ఇవాళ ఎవరైనా నా ఉప్పు నేనే వండుకుంటానని పట్టుబడితే డాక్టరు ఒప్పుకోడు. గాయిటరు అనే గొంతువాపు రాకుండా, తినే ఉప్పులో అయోడిన్ కలిపే అమ్మాలని 2006 నుంచి దేశమంతటా నిబంధన వున్నది. వస్తువు ఒక్కటే. ఒక కాలంలో చేసుకోవటం మేలు, మరొక కాలంలో కొనుక్కోవటం మేలు. కనుక ఇంట్లో చేసినది పుణ్యం, కొన్నది పాపం అనే సూత్రం మొదటి చిటికెడు ఉప్పు దగ్గరే వీగిపోతుంది.

పరిశుద్ధ గ్రంథం కూడా ఆ సూత్రాన్ని ఎక్కడా చెప్పదు. సారమ్మ ముగ్గురు అతిథులకు తన చేతులతో పిండి పిసికి రొట్టెలు చేసింది. కాని యెరూషలేములో రొట్టెలవారి వీధి అని ఒక వీధే వుండేది. చెరసాలలో వున్న యిర్మీయా ప్రవక్తకు రోజుకొక రొట్టె అక్కడినుంచే వచ్చేది. సామెతల గ్రంథం చివరి అధ్యాయంలో కనిపించే గుణవతియైన గృహిణి సంగతి మీకందరికీ తెలుసు. వివాహ ప్రసంగాల్లో ఆమెను తరచూ తలచుకుంటాం. ఆమె చీకటితో లేచి ఇంటివారికి భోజనం సిద్ధం చేస్తుందని చెప్పి ఊరుకుంటాం. అదే అధ్యాయంలో ఆమె వర్తకుల ఓడలలాగ దూరప్రాంతాల నుంచి ఆహారం తెప్పిస్తుందని కూడా వున్నది. ఆ వాక్యాన్ని మాత్రం ప్రసంగాల్లో అంతగా వినం. ఎందుకో మగవారు ఆలోచించాలి.

పునీత తోమా అక్వీనాసు సైప్రసు రాజుకోసం రాసిన గ్రంథంలో, ఒక పట్టణం తన తిండిని తన భూమి నుంచే పొందటం మేలా, వర్తకుల ద్వారా తెప్పించుకోవటం మేలా అని చర్చించారు. తన భూమి పంటే మేలు, గౌరవం కూడా అన్నారు. కాని వర్తకులు బొత్తిగా లేకుండా ఏ పట్టణమూ నిలవదు, మితంగా వారిని వుండనివ్వాలి అని కూడా అన్నారు. మితం ఎంత అన్నది వివేకం తేల్చవలసిన విషయం. వివేకం అన్నది పది ఆజ్ఞల పలక లాంటిది కాదు. ఇది ఎవరి ఇల్లు, ఇది ఏ కాలం, ఇవి ఎవరి చేతులు అని అడిగి చూసే గుణం.

ఆ చేతుల సంగతికి వస్తే, మన తెలుగునాట ఒక గట్టి ఉదాహరణ వున్నది. అది బియ్యం కథ.

ఒకప్పుడు ఇంటింటా వడ్లు దంచుకునేవారు. తెల్లవారుజామున రోకటిపోటుతో ఊరు మేలుకునేది. దంపుళ్ల పాటలను ఇప్పుడు మనం వేదికలమీద విని ఆనందిస్తాం. ఆ పాటలు పాడిన తల్లుల భుజాలను అడిగినవారు లేరు. బియ్యపు మర వచ్చింది. భుజాల మీది భారం దిగింది. అది దేవుని దీవెన అనే నేననుకుంటాను. అయితే మర వడ్ల పొట్టుతోపాటు తవుడును కూడా పూర్తిగా తీసివేసింది. బియ్యం మల్లెపూవులా తెల్లబడింది. శరీరానికి కావలసిన బి1 విటమిను ఆ తవుడులోనే వుంటుందని ఎవరికి తెలుసు? ఉత్తర సర్కారులని పిలిచే కోస్తా తెలుగు జిల్లాల్లో బెరిబెరి వ్యాధి పాతుకుపోయింది. కాళ్లు చచ్చుబడటం, ఒళ్లు నీరుపట్టటం, గుండె నీరసించటం దాని లక్షణాలు. వడ్లను ఉడకబెట్టి, ఎండబెట్టి, తరువాత మర పట్టించే ఉప్పుడు బియ్యం తిన్న తమిళ ప్రాంతాల్లో ఆ వ్యాధి అంతగా లేదు. వడ్లు ఉడికేటప్పుడు విటమిను గింజలోకి ఇంకుతుంది గనుక మర దానిని తీసివేయలేదు. 1918లో మెకారిసన్ అనే వైద్యుడు నీలగిరుల్లోని కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుతున్నది.

ఈ కథ విన్నవారిలో కొందరు వెంటనే “చూశారా, పాతకాలమే మంచిది, మళ్లీ రోకలి పట్టాలి” అంటారు. ఎవరి చేత పట్టిస్తారు? ఆ మాట అనేవారిలో రోకలి ఎత్తేవారు అరుదు. కథ చెప్పేది అది కాదు. పనిని మరొకరికి, మరకు, దుకాణానికి అప్పగించవచ్చు. దానితోపాటు ఇంకేమి పోతున్నదో చూసుకునే బాధ్యతను మాత్రం అప్పగించలేము. ఉప్పుడు బియ్యం తిన్నవారు కూడా రోకలిని వదిలిపెట్టినవారే. అయినా వారి మెతుకులో బలం మిగిలింది.

గురువిద్యాలయంలో మేము చదువుకున్న అరిస్టాటిల్ మనిషి పనులను రెండు తీరులుగా విడదీశాడు. కొన్ని పనుల ఫలం చేసిన వస్తువులో వుంటుంది. కుండ తయారయిందంటే కుమ్మరి పని ముగిసింది; ఇక కుండ ఎవరు చేస్తేనేమి, కుండ బాగుంటే చాలు. మరికొన్ని పనుల ఫలం చేయటంలోనే వుంటుంది. స్నేహితుని పరామర్శించటానికి నా బదులు మరొకరిని కూలికి పంపితే పరామర్శ జరిగినట్టు కాదు. వంట అనేది ఈ రెండింటిలో ఏది? చిక్కంతా ఇక్కడే వున్నది. వంటలో కొంత కుండ చేయటం, కొంత పరామర్శ. ఏది ఎంత అన్నది వంటకాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది.

దోసెల పిండిలో నాకు తోచినంతవరకు కుండ పాలే ఎక్కువ. నానబెట్టిన పప్పు, బియ్యం మెత్తగా నలగాలి, పులియాలి. శుభ్రంగా నలిపి అమ్మేవారుంటే కొనుక్కోవచ్చు. ఆ సోదరికి అదే చెప్పాను. మిగిలిన గంటలో పిల్లలతో కూర్చొని జపమాల చెప్పుకున్నా, ఊరికే నడుము వాల్చినా నష్టం లేదు. నడుము వాల్చటం కూడా దేవుడు ఏడవరోజున మనకిచ్చిన హక్కే.

కారం సంగతి అంత తేలిక కాదు. జనవరి వచ్చిందంటే మన మండలాల్లో మిరప కోతలు. ఇక్కడి కూలీలు చాలక ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కుటుంబాలతో వస్తారు. ఎండలో వంగి, వేళ్లు మండుతుండగా ఎర్రని కాయలు కోసిన తల్లి, ఆ కాయలు బస్తాల్లో ఖమ్మం మార్కెట్టుకు వెళ్లిపోయాక, సాయంత్రం కిరాణాకొట్టులో కారం ప్యాకెట్టు కొనుక్కొని ఇంటికి పోతుంది. తన చేతుల మీదుగా పోయిన కాయే రంగుకాగితంలో తిరిగి వచ్చి తనకే అమ్ముడుపోతుంది. అందులో ఏమి కలిసిందో ఆమెకు తెలియదు. 2003లో ఫ్రాన్సు దేశంలో, మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ అనే రంగు బయటపడింది. మైనాలకు, బూటు పాలిషుకు వాడే రంగు అది. 2005లో బ్రిటనులో దానివల్ల వందల రకాల తినుబండారాలను అంగళ్ల నుంచి వెనక్కు తీసుకున్నారు. అక్కడివారికి పరీక్షించే ప్రయోగశాలలున్నాయి. మన పల్లెకు ఏమున్నది? కాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి గిర్నీలో పట్టించుకునే అలవాటున్నది. ఇది పూర్తిగా చేసుకోవటమూ కాదు, పూర్తిగా కొనటమూ కాదు. మన కళ్లముందు జరిగే పని. అటువంటి మధ్యమార్గాలను వదులుకోకండి.

ఆవకాయ గురించి తీర్పు చెప్పే ధైర్యం నాకు లేదు. పిల్లలు ఊళ్లు పట్టిపోయి ఇద్దరే మిగిలిన ముసలివారు వంద కాయల జాడీ పెట్టాలని ఏమీ లేదు; సీసా కొనుక్కుంటే చాలు.

పిల్లల చేతుల్లోని మెరిసే పొట్లాల గురించి మాత్రం మెత్తగా మాట్లాడలేను. ఉప్పు, నూనె, చక్కెర దట్టించిన ఆ చిరుతిండ్లను బాగా తగ్గించాలని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూత్రాల్లో హెచ్చరించింది. కూలికి వెళుతూ ఏడుస్తున్న బిడ్డ చేతిలో ఐదు రూపాయల పొట్లం పెట్టే తల్లిని నేను నిందించను. ఆ పొట్లాన్ని అంత చవకగా, ఉడికిన గుడ్డును, అరటిపండును అంతకంటె ప్రియంగా చేసిన లోకం సంగతి వేరే మాట్లాడుకోవాలి. కాని ఇంట్లో తీరికగా కూర్చున్న తండ్రి కూడా అదే పొట్లం తెచ్చి ప్రేమ చూపించాననుకుంటే, ఆయనకు చెప్పవలసిన మాట వున్నది. వేరుశెనగలు వేయించటానికి డిగ్రీ అక్కరలేదు.

ఇక బొత్తిగా మరొక కొసన వున్నది తల్లిపాలు. ఇక్కడ వస్తువుకూ చేతికీ భేదమే లేదు. పాలపొడి డబ్బాలు పేదదేశాల్లో శుభ్రమైన నీరు లేని ఇళ్లలోకి ప్రచారంతో చొచ్చుకుపోయి పసిప్రాణాలు తీస్తున్నాయని గొడవ లేచి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి ప్రచారానికి కట్టడి విధించే నియమావళిని ఆమోదించింది. మన పార్లమెంటు 1992లో చట్టమే చేసింది. ఆరు నెలలవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదని వైద్యులు చెబుతారు. పాలు పడని తల్లులుంటారు, జబ్బుపడిన తల్లులుంటారు. వారు డబ్బా కొంటే అది అవసరం, అందులో దోషం వెదకకండి. నేనడిగేది మిరపచేనుకు వెళ్లే బాలింత గురించి. నాలుగు నెలల బిడ్డను ముసలామె దగ్గర వదలి వెళ్లక తప్పని తల్లికి తల్లిపాల గొప్పతనం ప్రసంగించి ఏం లాభం? 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణులకు, బాలింతలకు భోజనం, ఆరు వేల రూపాయలకు తక్కువ కాకుండా ప్రసూతి సాయం హక్కుగా వున్నాయి. మన వీధిలోని బాలింతకు అవి అందాయో లేదో విచారించటం కూడా వంటగది ధర్మంలో భాగమే.

ఇప్పుడు మళ్లీ ఆ అత్తాకోడళ్ల దగ్గరకు వెళదాం. మనం సాధారణంగా కోడలి పక్షమో అత్త పక్షమో తీసుకొని ఊరుకుంటాం. నాకు తోచినదేమంటే, అత్తగారి కోపం పిండి మీద కాదు. ముప్పై ఏళ్లు ఆమె రోలు ముందు కూర్చున్నది. చంకలో బిడ్డ, చేతిలో పొత్రం. ఆ పనికి ఎవరూ కూలి ఇవ్వలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. ఇవాళ కోడలు కొన్ని రూపాయలు పెట్టి ఒక ప్యాకెట్టు తెచ్చి బల్లమీద పెట్టగానే, నీ ముప్పై ఏళ్ల విలువ ఇంతే అన్నట్టు ఆమెకు వినిపిస్తుంది. కోడలు ఆ మాట అనలేదు. అయినా వినిపిస్తుంది. రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1981లో శ్రమను గూర్చి రాసిన విశ్వలేఖలో, పనికి విలువ మొదట ఆ పని చేసే మనిషిని బట్టి వస్తుందని, చేసిన వస్తువును బట్టి కాదని నేర్పించారు. తల్లుల శ్రమను సమాజం గుర్తించాలని కూడా అక్కడే చెప్పారు. ప్యాకెట్టు కొనటానికి ముందు ఆ పెద్దామె ముప్పై ఏళ్లకు ఒక నమస్కారం బాకీ వున్నది. ఆ బాకీ కోడలిది మాత్రమే కాదు. ఆ దోసెలు తిని పెరిగిన కొడుకుది, తిని మీసం తుడుచుకున్న భర్తది.

మగవారికి మరొక మాట. “మా అమ్మ చేతి వంటే వేరు” అంటాం. మెచ్చుకోలుగానే అంటాం. ఆ మెచ్చుకోలే కొన్నిసార్లు సంకెల అవుతుంది. ఇంటి వంట గొప్పతనాన్ని పొగిడేది ఒకరు, దానికోసం నిద్ర మానుకునేది మరొకరు. ఒకరి నిద్రను ఖర్చుపెట్టి మరొకరు పుణ్యం సంపాదించుకోవటం న్యాయం కాదు. ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠవాసులకు రాసిన నియమావళిలో ముప్పై అయిదవ అధ్యాయం వంటగది గురించే. జబ్బుపడినవారికి, ముఖ్యమైన మరొక పనిమీద వున్నవారికి తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. వారం వారం వంతులవారీగా సోదరులందరూ వండి వడ్డించాలి. వారం ముగిసేనాడు తువ్వాళ్లు ఉతికిపెట్టి మరీ దిగాలి. వారంతా మగవారే. కనుక ఇంట్లో చేసిన పచ్చడే కావాలనే పెద్దమనిషి పచ్చడి బండ దగ్గరకు రావాలి. రాలేకపోతే, చేసేవారు కొనుక్కుందామన్నప్పుడు ఒప్పుకోవాలి. పని చేసేవారిదే మొదటి మాట.

ఇంటి లోపలి చేతుల గురించి ఇంత చెప్పుకున్నాక ఇంటి బయటి చేతులను మరచిపోరాదు. కొన్న తిండిని కూడా ఎవరో ఒకరు చేశారు. యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో ప్రభువు బావి దగ్గర సమరీయ స్త్రీతో మాట్లాడుతుండగా శిష్యులెక్కడికి వెళ్లారు? ఊళ్లోకి ఆహారం కొనటానికి. ఏ ఊరు? సుఖారు, సమరీయుల ఊరు. యూదులు సమరీయులతో పొత్తు పెట్టుకోని రోజులవి. ప్రభువు శిష్యులను సమరీయుల అంగడికి పోనిచ్చాడు. ఎవరి చేతి తిండి అన్న ప్రశ్నను ఆయన లెక్కచేయలేదు.

మన దగ్గర ఆ ప్రశ్న చావలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండటానికి దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చిందంటే ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. పచ్చళ్ల దుకాణం మీద ఒక కులం పేరు రాస్తే శుభ్రతకు హామీ అనుకునేవారు ఇప్పటికీ వున్నారు. జ్ఞానస్నానం పొందిన మన కుటుంబాల్లో కూడా ఈ పురుగు లేదని గుండెమీద చేయివేసి చెప్పగలమా? 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, కిన్నెరసాని వెనక్కు తన్ని, బూర్గంపాడులోకి నీరు వచ్చినప్పుడు పునరావాస కేంద్రాల్లో పులిహోర పొట్లాలు పంచారు. జాడీలూ, ధాన్యం మూటలూ నీళ్లపాలయిన ఆ రోజున పొట్లం కట్టిన చేయి ఎవరిదని విచారించే తీరిక ఎవరికీ లేకపోయింది. నీరు తీసిన తరువాత ఆ తీరిక మళ్లీ వచ్చింది.

ఈ సందర్భంలో మన ఏజెన్సీ స్త్రీలు చేస్తున్న ఒక పనిని మీ దృష్టికి తేవాలి. పొలం కూలికి వెళ్లే స్త్రీలు భద్రాచలంలో స్వయంసహాయక సంఘంగా కలిసి, శిక్షణ పొంది, చిరుధాన్యాలతో బిస్కెట్లు తయారుచేస్తున్నారు. ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ అన్న పేరుతో అవి హైదరాబాదు నుంచి లండను దాకా వెళుతున్నాయని 2025 జూన్‌లో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో చెప్పారు. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు ఎనభై రూపాయల అప్పుతో మేడమీద అప్పడాలు వత్తటం మొదలుపెట్టిన లిజ్జత్ కథ కూడా ఇటువంటిదే. ఇంట్లో కూలిలేని పనిగా వున్నదే సంఘంగా చేసినప్పుడు జీతమయింది. ఇటువంటివారి దగ్గర కొనటం కేవలం సౌకర్యం కాదు, ఒక న్యాయం.

అయితే ఒక సంగతి నన్ను కలవరపెడుతుంది. జొన్న అంబలి, జొన్న గటక తిన్న పల్లెలివి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, దానిని తక్కువచేసి మాట్లాడను. కాని జొన్న క్రమంగా పళ్లెంలోంచి లేచిపోయింది. ఇవాళ జొన్నలూ, రాగులూ బిస్కెట్టు రూపంలో పట్నం వెళుతుంటే, వాటిని చేసే ప్రాంతపు పిల్లలు మైదా బిస్కెట్లు తింటున్నారు. వారానికి రెండుసార్లు ఇంట్లో జావ కాచటానికి పట్టేది పావుగంట. ఇది నలగ్గొట్టే శ్రమ కాదు. బిడ్డకు తన నేల రుచి చూపించే పని. అరిస్టాటిల్ చెప్పిన రెండవ తీరు పని ఇందులో వున్నది. దీనిని కొనుక్కోలేము.

చివరగా, ఏది కొనాలి, ఏది చేసుకోవాలి అన్న ప్రశ్న శ్రీసభకు కూడా తప్పలేదని తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. తొలి శతాబ్దాల్లో విశ్వాసులు తమ ఇళ్లలో కాల్చిన రొట్టెనే పీఠం వద్దకు తెచ్చేవారు. తరువాత పాశ్చాత్య శ్రీసభలో పులియని అప్పం వాడుకలోకి వచ్చి, మఠాల్లో ప్రత్యేకంగా తయారుచేయటం అలవాటయింది. అప్పం కేవలం గోధుమతో చేసినదై, చెడిపోయే అవకాశం లేకుండా ఈ మధ్యనే చేసినదై వుండాలని శ్రీసభ చట్టం 924వ నియమం చెబుతుంది. 2017 జూన్‌లో వాటికను దైవార్చన విభాగం పీఠాధిపతులకు ఒక లేఖ పంపింది. ఇంతకాలం మఠసభల వంటివారు చేసి ఇచ్చిన అప్పం, ద్రాక్షారసం ఇప్పుడు సూపర్ మార్కెట్లలో, ఇంటర్నెట్టులో కూడా అమ్ముతున్నారు గనుక, అవి ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు అన్నది పీఠాధిపతులు పర్యవేక్షించాలని గుర్తుచేసింది. కొనవద్దని అనలేదు. చేసే చేతులను తెలుసుకోమన్నది. మన గోదావరి గట్టున గోధుమ పండదు. ఎక్కడో ఉత్తరాన పండిన గోధుమ, ఎవరో కన్యస్త్రీలు కాల్చిన పలుచని అప్పం బస్సులో మన దాకా వస్తుంది. మన అత్యున్నత ఆహారమే మనం చేసుకున్నది కాదు.

మా విచారణలో ఈ క్రిస్మసుకు ఒక ఏర్పాటు అనుకున్నాం. కేకు కొంటాం, ఓవెను ఎవరింట్లోనూ లేదు. అరిసెలు మాత్రం గుడి ఆవరణలోనే చేస్తాం. బియ్యం ముందురోజే నానబెట్టాలి. పాకం ఎప్పుడు దించాలో చూసి చెప్పేది మెట్ల దగ్గర నవ్వని ఆ పెద్దామె. ఒప్పుకున్నది. తడిపిండి దంచటానికి యువజన సంఘం కుర్రవాళ్ల పేర్లు రాసుకున్నాను. రోళ్లు రెండు దొరికాయి. మూడవది ఎవరింట్లోనైనా పెరట్లో పడివుంటే, కడిగి, డిసెంబరు 22 సాయంత్రానికి పంపించవలసిందిగా కోరుతున్నాను.